పాత గడ్డి మిషను కొనేముందు

పత్తి, మిరప పండే నేలలో గేదెల్ని మేపడం ఒక వింత లెక్క. ఎకరానికి వేలకు వేలు పోసి పండించిన పంటలో గేదె నోటికి అందేది ఏమీ ఉండదు. పత్తి ఏరుకున్నాక మిగిలే కట్టె పొయ్యిలోకో, రోటావేటరు కిందకో పోతుంది. మిరప కట్టెదీ అదే దారి. పైగా మిరపకు కొట్టినన్ని మందులు మన మెట్ట పైర్లలో మరి దేనికీ కొట్టరు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పడ్డాక పిచికారీలు మరీ ఎక్కువయ్యాయి. అందుకని ఆ చేల గట్ల మీద మొలిచిన పచ్చగడ్డి చూడ్డానికే తప్ప, కోసుకొచ్చి గాడిలో వేయడానికి పనికిరాదు.

ఒకప్పుడు ఇలా లేదు. ఒంగోలు ఎద్దులు ఒళ్లు చేసింది ఈ నల్లరేగడిలో పండిన జొన్న చొప్ప తినే. ఆ జాతిని ఇప్పటికీ లాం, చదలవాడ ఫారాల్లో కాపాడుతున్నారు కానీ, చొప్పను కాపాడిన వాళ్లు లేరు. 1970లలో హైబ్రిడ్ పత్తి, 2002లో అనుమతి వచ్చాక బీటీ పత్తి చేలను ఆక్రమించుకుంటూ పోయాయి. ఎద్దుల స్థానంలోకి ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు చొప్ప అడగదు కనక ఆ లోటు కొన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. పాల డబ్బులతో ఇల్లు గడుపుకుందామని రెండో మూడో గేదెలు కట్టేసుకున్న వాళ్లకు మాత్రం ఏటా వేసవిలో తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి వైపు చాలా ఇళ్లల్లో మేత అంటే కొనుక్కొచ్చుకునేదే. సాగర్ కుడి కాలువ కింద, కృష్ణా డెల్టాలో కోసిన వరిగడ్డి. తెనాలి, దుగ్గిరాల వైపు వరి తీసేశాక దుక్కి లేకుండా వేసే జొన్న చొప్ప. బోరు కింద పది సెంట్లలోనో పాతిక సెంట్లలోనో నాటుకున్న నేపియర్ గడ్డి. సొంత చొప్ప అయినప్పుడు గేదె సగం తిని సగం తొక్కినా ఎవరూ లెక్క చూడరు. బాడుగతో సహా కొన్నదైతే గాడిలో మిగిలిన ప్రతి మొండీ డబ్బుగానే కనబడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే గడ్డి మిషను మాట ఇంట్లోకి వస్తుంది. కొత్తది ధర విన్నాక పాతది ఎక్కడైనా ఉందా అని అడగడం మొదలవుతుంది.

కాడతో పేచీ

అమెరికాలోనో యూరప్‌లోనో చిన్న రైతు పాత గడ్డి యంత్రం కోసం వెతుకుతున్నాడంటే, అది మోవర్ కండిషనర్ కావచ్చు. ట్రాక్టరుకు తగిలించే ఈ యంత్రం చేలో మేతను కోసి, కోసినదాన్ని రెండు రోలర్ల మధ్య నలిపి వరసగా పడేస్తూ పోతుంది. నలపడం ఎందుకంటే, లూసర్న్ లాంటి మేతలో ఆకు తొందరగా ఆరుతుంది, కాడ ఆరదు. కాడ ఆరేదాకా ఆగితే మాంసకృత్తులున్న ఆకు కాస్తా పొడై రాలిపోతుంది. ఆగకుండా కట్ట కడితే లోపల బూజు పడుతుంది. కాడను నలిపితే పైపొర పగిలి తడి బయటికి పోతుంది. ఆకూ కాడా దాదాపు ఒకేసారి ఆరతాయి. మబ్బు ఎప్పుడు కమ్ముతుందో తెలియని చోట ఒక రోజు ముందే ఆరడమంటే పంట చేతికొచ్చినట్టే.

మన దగ్గర ఆ పని ఎండ జీతం లేకుండా చేస్తుంది. సంక్రాంతి దాటాక కోసిన చొప్ప కట్టలు కట్టి నిలబెట్టిన చోటే ఆరిపోతుంది. ఆకు రాలే బాధ ఉన్నది వరి కోతల ముందు చేలో చల్లే పిల్లిపెసర, జనుము లాంటి వాటిలో. దానికి మంచు పదును ఉండగానే తెల్లవారుజామున పోగేసుకోవడమనే ఉపాయం ఎప్పటినుంచో ఉంది. ఇక పాతిక సెంట్ల నేపియర్ మడిలో మోవర్ కండిషనర్ దించితే, అది ఒక మలుపు తిరిగేసరికి మడి అయిపోతుంది.

కాడతో పేచీ మనకూ ఉంది. కాకపోతే అది చేలో కాదు, గాడి దగ్గర. వేలు లావు జొన్న కాడనో, ముదిరిన నేపియర్‌నో నిలువుగా వేస్తే గేదె ఆకు లాక్కుని కాడను కాళ్ల కింద వేసుకుంటుంది. వాళ్లు ఆరడం కోసం కాడను నలుపుతారు, మనం తినడం కోసం నరుకుతాం. ఆ నరికే యంత్రం చాఫ్ కట్టర్. ఊళ్లో గడ్డి మిషను అంటే అదే. అంగుళం ముక్కలు చేసి వేస్తే ఏరుకునే వీలు లేక ఆకూ కాడా కలిపి తినేస్తుంది.

మిషను చేసే మేలు అంతవరకే. ముక్క కొట్టినంత మాత్రాన మేతకు బలం రాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. మిషనులో వేసి తీస్తే మూడు నాలుగు శాతం ఉన్న ముక్కలు వస్తాయి. బలం పెంచాలంటే వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచే పద్ధతి వేరే ఉంది. అది పశువుల డాక్టరును అడిగి చేసుకోవాల్సిన పని. అలాగే లేత జొన్నలో, నీళ్లు లేక గిడసబారిన జొన్నలో ఉండే నాము అనే విషం కూడా ముక్క కొట్టినంత మాత్రాన పోదు. పూతకు వచ్చాక కోస్తేనే నిశ్చింత. అమ్మేవాళ్లు ఈ రెండు సంగతులూ చెప్పరు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు, వాళ్లు అమ్మేది ఇనుము.

కొనేది ఏది, బాడుగకు తెచ్చేది ఏది

గడ్డి పనిలో యంత్రాలు మూడు రకాలు. కోసేది, కట్ట కట్టేది, ముక్క కొట్టేది. వీటిలో ఏది సొంతానికి ఉండాలన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది: ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది?

కోయడానికి రెండు మూడు గేదెల ఇంట్లో కొడవలి చాలు. నేపియర్ మడి పెద్దదైతే భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్ వస్తుంది. కట్ట కట్టేది బేలర్. కోత మిషను వెళ్లాక చేలో వరసలుగా పడిన గడ్డిని ఎత్తి, చుట్టి, దారంతో కట్టి వదిలే రౌండ్ బేలర్లు కోతలప్పుడు డెల్టాలో ఊరూరా తిరుగుతుంటాయి. కట్టకు ఇంత అని తీసుకుంటారు. వాటికి పని కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా గొలుసులకు తుప్పు పట్టకుండా, ఎలుకలు చేరకుండా కాపలా కాయాలి. పాత బేలర్ చవగ్గా వస్తోందని రెండు గేదెల రైతు కొనడమంటే, ఇంట్లో ఏడాదికో శుభకార్యం ఉందని షామియానా కొట్టు పెట్టుకోవడమే. దాన్ని బాడుగకే వదిలేయాలి.

చాఫ్ కట్టర్ సంగతి వేరు. అది రోజూ తిరగాలి. రోజూ కావలసినదాన్ని బాడుగకు తేలేం. అందుకే ఈ మూడింటిలో చిన్న రైతు సొంతానికి కొనాల్సింది, పాతదైనా సరే వెతుక్కోవాల్సింది ఇదొక్కటే.

ఎంత పెద్దది కావాలో కూడా ముందే తేల్చుకోవాలి. పాడి గేదెకు రోజుకు పాతిక కిలోల పచ్చిమేత, ఆరేడు కిలోల ఎండుమేత అనుకుంటే మూడు గేదెలకు వంద కిలోల లోపు. గంటకు 300 కిలోలు కోసే మిషను మీద అది 20 నిమిషాల పని. అయిదు హెచ్‌పీ మిషను అదే పని పది నిమిషాల్లో చేయవచ్చు. మిగిలిన ఆ పది నిమిషాలను ఏం చేసుకోవాలో తెలిసిన వాళ్లు పెద్దది కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు రెండు హెచ్‌పీ సరిపోతుంది.

రెండు జాబితాలు

పాత మిషనులో లోపం లేకుండా ఉండదు. ఉంటే అది పాతది ఎందుకవుతుంది? అయితే లోపాలన్నీ ఒక రకం కావు. కొన్ని డబ్బుతో పోతాయి. బ్లేడు, బెల్టు, బేరింగు, కెపాసిటర్, మోటారు వైండింగ్ ఈ రకం. ఇవి కనబడితే లోలోపల సంతోషించి బేరం ఆడవచ్చు. ఇంకొన్ని చేతి మీదకు వస్తాయి. పగిలిన చక్రం, అరిగిన రోలర్లు, పనిచేయని రివర్స్ గేరు, పీకి పారేసిన కవర్లు ఈ రకం. వీటిని చూసి ధర తగ్గించి కొంటే, తగ్గించిన ఆ డబ్బు మిషను ఎప్పుడో ఒకప్పుడు వేరే విధంగా వసూలు చేసుకుంటుంది. మిషను ముందు నిలబడ్డప్పుడు ప్రతి లోపాన్నీ ఈ రెండు జాబితాల్లో దేంట్లో రాయాలో చూసుకుంటే చాలు. రంగు ఏ జాబితాలోనూ రాదు. అసలు కొత్త రంగు కనబడితే దాని కింద ఏముందా అని ఇంకో రెండు నిమిషాలు చూడాలి.

చక్రంతో మొదలు పెడదాం. కరెంటు ప్లగ్గు పీకి, బెల్టు తీసేయమనండి. ఒప్పుకోకపోతే అక్కడితో సగం సమాధానం వచ్చినట్టే. బ్లేడ్లు బిగించి ఉండే ఆ పెద్ద చక్రం పోత ఇనుముతో చేసింది. చిన్న సుత్తితో అంచు మీద అక్కడక్కడా తట్టండి. నిక్షేపంగా ఉన్న పోత ఇనుము ఖంగుమంటుంది. పగులు ఉన్న చోట శబ్దం బొంగురుగా, చచ్చినట్టు వస్తుంది. బ్లేడు బోల్టుల బెజ్జాల చుట్టూ, ఇరుసు దగ్గర వెంట్రుకంత గీత ఉందేమో గ్రీజు తుడిచి చూడాలి. వెల్డింగ్ మచ్చ ఉంటే ఇక మాటలక్కర్లేదు. పోత ఇనుముకు బజారులో మామూలు రాడ్డుతో పెట్టిన వెల్డింగ్ పక్కనే మళ్లీ పగులుతుంది. అది నిమిషానికి వందల చుట్లు తిరిగే చక్రం. పగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం.

తర్వాత ఇరుసును కదలకుండా పట్టించి చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపండి. టకటకమని ఆడితే చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే కీ, దాని గాడి అరిగాయి. ఇది రెండో జాబితా. చక్రాన్ని పైకీ కిందకీ ఎత్తి చూస్తే ఆడింది అనుకోండి, బేరింగులు అరిగాయి. ఇది మొదటి జాబితా. బెల్టు లేకుండా చేత్తో ఒకసారి తిప్పి వదిలితే చక్రం నిదానంగా, చప్పుడు లేకుండా కాసేపు తిరిగి ఆగాలి. గరగరమంటూ ఆగితే బేరింగుల ధర కూడా లెక్కలో వేసుకోండి.

బ్లేడ్లు ఎంత మిగిలి ఉన్నాయో చూడండి. సాన పట్టీ పట్టీ వెడల్పు తరిగిపోతే వాటిని ముందుకు జరిపే వీలు ఉండదు. రెండు బ్లేడ్లలో ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉందంటే చక్రం ఒక పక్క బరువై మిషను అదురుతుంది. బ్లేడ్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. వాటిని పట్టి ఉంచే బోల్టుల తలకాయల మీద 8.8 లాంటి గుర్తు ఉండాలి. నున్నటి తలకాయలుంటే దొరికిన బోల్టు వేసి బిగించారన్నమాట. ఆ బోల్టుల్ని పారేసి కొత్తవి వేయడానికి పెద్ద ఖర్చు కాదు. అవి తెగితే అయ్యే ఖర్చు మాత్రం పెద్దదే.

ఇక బ్లేడు వచ్చి ఆనే అంచు, అంటే తొట్టి మూతి దగ్గరి ఇనుప పట్టీ. కత్తెరకు రెండో రెక్క లాంటిది ఇదే. చాలామంది బ్లేడు పదును చూసి దీన్ని వదిలేస్తారు. దిన పత్రిక నుంచి అరచేతి వెడల్పు కాగితం చింపి, ఆ పట్టీ మీద బయటికి వేలాడేలా పెట్టి, చెయ్యి తీసేసి, చక్రాన్ని బయటి అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రంగా తెగాలి. ఒక పక్క తెగి ఇంకో పక్క మడత పడితే బ్లేడు వంకర బిగించారు. అది సరిచేసుకోవచ్చు. అంతటా మడత పడితే పట్టీ అంచు గుండ్రంగా అరిగింది. దాన్ని మార్చుకోవాలి. బ్లేడుకూ పట్టీకీ మధ్య సందు కాగితం మందానికి మించితే వరిగడ్డి తెగకుండా మడత పడి చక్రానికి చుట్టుకుంటుంది.

రోలర్లను మాత్రం తాపీగా చూడాలి. తొట్టిలో పెట్టిన గడ్డిని లోపలికి లాక్కునేవి ఈ పళ్ల రోలర్లే. పైది స్ప్రింగు మీద లేస్తూ దిగుతూ ఉండాలి. పళ్లు అరిగి నున్నబడితే గడ్డి జారిపోతుంది, లోపలికి పోదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? చేత్తో తోస్తాడు. మొదట కొంచెం దూరం నుంచి, అలవాటయ్యాక ఇంకొంచెం దగ్గర నుంచి. మిషను చేయి కోసిందంటాం గానీ, ఆ చేతిని అంతదూరం రప్పించింది అరిగిన రోలరు. అందుకే ఇది మొదటి జాబితాలో ఉన్నట్టు కనబడే రెండో జాబితా లోపం. కొత్త రోలర్లు దొరుకుతాయని ముందే కనుక్కుని, అవి వేశాకే ఇంటికి తెచ్చుకుంటామంటే తప్ప కొనకూడదు.

గేరు కూడా అంతే. మంచి మిషనుకు ముందుకు, ఖాళీకి, వెనక్కి మూడు స్థానాలుంటాయి. మిషను తిరుగుతుండగా, తొట్టి నిండా గడ్డి ఉండగా, వెనక్కి వేసి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు అన్ని గేర్లూ పడతాయి. ముక్క పొడవు కూడా ఈ గేర్ల చేతిలోనే ఉంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రోలర్లు రెండంగుళాల గడ్డిని తోస్తే, రెండు బ్లేడ్లకు అంగుళం ముక్క వస్తుంది. చూపించేటప్పుడు ముక్క పొడవుగా వస్తుంటే గేరు మార్చమనండి. మార్చినా పొడవు మారకపోతే లోపల గేర్లు సరిగా లేవన్నమాట.

మోటారు, పుల్లీ

మోటారు మీద రేకు ఉంటే చదవండి. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది ముందు. మన ఇళ్లకు, పశువుల పాకలకు ఉండేది ఎక్కువగా సింగిల్ ఫేజే. త్రీ ఫేజు మోటారున్న మిషను చవగ్గా దొరికిందంటే కారణం అదే కావచ్చు. బోరు దగ్గర త్రీ ఫేజు ఉందిగా అనుకుంటే, 2004 నుంచి ఆ కరెంటు ఉచితంగా ఇస్తున్నది బోరు మోటారుకు. గేదెల మేతకు అని ఎక్కడా రాసి లేదు. పైగా అది వచ్చే గంటలు వేరు, గేదెకు ఆకలయ్యే గంటలు వేరు.

మూడు హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నిండు బరువు మీద 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. బల్బు కోసం లాగిన సన్నటి వైరు మీద దాన్ని నడిపితే ముందు వైరు వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, తర్వాత మోటారు కాలుతుంది. పాత మోటారు కాలిందంటే నిందంతా అమ్మినవాడి మీదకే పోతుంది. చాలాసార్లు తప్పు వైరుది. టాంగ్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లి, గడ్డి కోస్తుండగా ఎంత లాగుతోందో చూపించుకోండి. రేకు మీద రాసిన అంకెను దాటితే వైండింగో బేరింగో అడుగుతోంది. పావుగంట నడిచాక మోటారు ఒంటి మీద చెయ్యి ఆనించి ఉంచలేకపోతే, వార్నీషు వాసన వస్తే, వైండింగ్ ఖర్చు కూడా ధరలోంచి తీసేయాలి. ఎర్తు వైరు లేకపోతే మీరు కలిపించుకోవాలి. అందులో బేరం లేదు.

పుల్లీల లెక్క ఒకటి చూడాలి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దానికి మూడంగుళాల పుల్లీ, చక్రానికి పన్నెండు అంగుళాల పుల్లీ ఉంటే చక్రం 360 చుట్లు తిరుగుతుంది. ఎవరో పని తొందరగా అవ్వాలని మోటారుకు అయిదంగుళాల పుల్లీ వేశారనుకోండి, చక్రం 600 చుట్లు తిరుగుతుంది. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువే. కానీ బ్లేడును బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనక, బోల్టుల మీద పడే భారం దాదాపు మూడింతలవుతుంది. బోల్టుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. జేబులో టేపు పెట్టుకెళ్లి రెండు పుల్లీలూ కొలిచి, లెక్క వేసి, ఆ మిషను తయారీదారు చెప్పిన వేగంతో పోల్చుకోండి.

కవర్లు ఎక్కడికి పోయాయి?

కంపెనీ నుంచి వచ్చినప్పుడు బెల్టుకు జాలీ, చక్రానికి రేకు మూత ఉంటాయి. పాత మిషనుకు చాలాసార్లు ఉండవు. బ్లేడు సాన పట్టడానికి ఒకసారి విప్పినవి మళ్లీ బిగించి ఉండరు. ఉత్తరాదిలో గడ్డి మిషన్లు మనకంటే ముందు ఇంటింటికీ వచ్చాయి, దెబ్బలూ ముందే వచ్చాయి. ఢిల్లీ ఐఐటీలో దినేశ్ మోహన్ బృందం పల్లెల్లో వ్యవసాయ పనిముట్ల గాయాల మీద పనిచేసింది. ఈ మిషన్ల దగ్గర దెబ్బతిన్నవారిలో పిల్లలు చాలామంది. పని చేస్తూ కాదు, ఆగి ఉన్న చక్రాన్ని ఆటగా తిప్పుతూ. ఆ బృందం సూచించిన మార్పులు పెద్ద ఖర్చువి కావు. బ్లేడ్లకు మూత, పని లేనప్పుడు చక్రం తిరగకుండా ఒక కొక్కెం, రోలర్లకు ముందు చేతికి తగిలి హెచ్చరించే ఇంకో చిన్న రోలరు. పాత మిషనుకు కొక్కెం, మూత వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. తొట్టి పొడవుగా, పై భాగం కప్పి ఉండాలి. చెయ్యి చాపినా రోలరు అందకూడదు.

నూర్పిడి యంత్రాల ప్రమాదాలు పెరిగాక 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణకు ఒక చట్టం చేసింది. చట్టం మంచిదే. తెల్లవారుజామున అయిదు గంటలకు పశువుల పాకలోకి అది రాదు, అంతే.

మీ గడ్డితో పరీక్ష

చూపించేవాళ్లు ఎప్పుడూ లేత పచ్చి నేపియర్‌తోనే చూపిస్తారు. దాన్ని ఏ మిషనైనా కోస్తుంది. మీరు ఒక మోపు ఎండు జొన్న చొప్ప, ఒక కట్ట వరిగడ్డి వెంట తీసుకెళ్లండి. మొద్దుబారిన బ్లేడు, అరిగిన పట్టీ గుట్టు బయటపెట్టేది వరిగడ్డే. సన్నగా, జారుడుగా ఉంటుంది కనక సందు ఉంటే మడత పడి చుట్టుకుంటుంది. పది నిమిషాలు కోయించి కాటా వేస్తే గంటకు ఎంతో మీకే తెలుస్తుంది. బేలర్ కట్టకున్న దారం ముందే తీసేయాలి. మేతలో తీగ ముక్క, మేకు లాంటివి ఉంటే మిషను వాటినీ ముక్కలు చేసి గేదెకు పెడుతుంది. కడుపులోకి పోయిన తీగ ముక్క గుండె దాకా గుచ్చుకుని పశువు ప్రాణం తీసిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

ఎందుకు అమ్ముతున్నారో కూడా అడగాలి. గేదెలు అమ్మేసుకున్న ఇంట్లో మూలన పడి ఉన్న మిషను అన్నిటికంటే మంచి బేరం. అక్కడ మిషనులో లోపం లేదు, మేతలోనో పాల రేటులోనో ఉంది. అయిదు హెచ్‌పీది కొనుక్కుని చిన్నది అమ్మేస్తున్న డెయిరీది రెండో మేలు, కాకపోతే అది మీ మిషను పదేళ్లలో చేసే పని రెండేళ్లలో చేసి ఉంటుంది. పది రకాల పాత మిషన్లు తెచ్చి ఒకే రంగు వేసి వరసగా నిలబెట్టిన చోట, పైన చెప్పినవన్నీ రెండేసిసార్లు చూడండి.

ధర కట్టడం

పాతదాని ధరను కొత్తదాని ధరతో కాదు, సబ్సిడీ పోను కొత్తదాని ధరతో పోల్చాలి. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ అనే కేంద్ర పథకం 2014–15 నుంచి నడుస్తోంది. చాఫ్ కట్టర్లకూ సబ్సిడీ ఇచ్చే సంవత్సరాలున్నాయి. ఈ ఏడు ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో, పశువుల ఆసుపత్రిలో అడిగితే పోయేదేమీ లేదు, ఒక పూట తప్ప. సబ్సిడీ వచ్చినప్పుడు వస్తుంది, గేదె మాత్రం రోజూ తింటుంది. ఎంతకాలం ఆగగలరో మీరే తేల్చుకోవాలి.

లెక్క ఇలా వేసుకోండి. కొత్తది 30 వేలు, సబ్సిడీ పోను 18 వేలు అనుకుందాం. పాతది 14 వేలు చెబుతున్నారు. మొదటి జాబితాలో బ్లేడ్లు, బేరింగులు, బెల్టు, వైండింగ్ కలిపి అయిదు వేలు తేలింది. అంటే పాతది మీకు పడేది 19 వేలు. సబ్సిడీ దొరికే ఏడాదైతే అది నష్టం బేరం. దొరకని ఏడాదైతే లాభం. రెండో జాబితాలో చక్రం పగులు ఉందంటే లెక్కే అక్కర్లేదు. దాని ధర పాత ఇనుము కొట్టులో కిలో ఎంతో అంతే.

అసలు మిషను అవసరమా అన్నది తేల్చే పరీక్ష ఇంకొకటి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. వారం రోజులపాటు గాడి ఊడ్చినప్పుడల్లా మిగిలిన మేతను కాటా వేయండి. మిషను మిగల్చగలిగింది గరిష్ఠంగా అంతే. రోజుకు పదేసి కిలోలు పోతుంటే మిషను తన ధర తానే సంపాదించుకుంటుంది. కిలో రెండు కిలోలే పోతుంటే మీ గేదెలు మీకంటే పొదుపరులు. డబ్బు దాణాకు ఖర్చు పెట్టండి.

బేరానికి వెళ్లేటప్పుడు ఒక మనిషిని మరిచిపోతుంటారు. మిషను కొనేది ఇంటాయన, మెకానిక్కు, వీలైతే బావమరిది. దాని ముందు రోజూ నిలబడేది చాలా ఇళ్లల్లో ఇల్లాలు. తొట్టి ఆమెకు అందే ఎత్తులో ఉందా, గేరు పిడి ఆమె బలానికి పడుతుందా, గడ్డి పెడుతూనే చేతికి అందే దూరంలో స్విచ్చు ఉందా, తిరిగే బెల్టుకు పమిట తగిలే సందు ఎక్కడైనా ఉందా? ఇవి మగవాళ్లు నలుగురు చుట్టూ తిరిగి చూసినా తేలేవి కావు. ఆ పది నిమిషాల పరీక్ష ఆమె చేత చేయించండి. గడ్డిని రోలర్లే లాక్కున్నాయా, ఆమె చేత్తో తోయాల్సి వచ్చిందా అని అడగండి. తోయాల్సి వచ్చిందంటే, ఎంత తగ్గించినా ఆ మిషను వద్దు.